ఏడీ8232 తో ఇంట్లో ఈసీజీ: గీత క్లీన్‌గా, హార్ట్ రేట్ కరెక్ట్‌గా రావాలంటే ఏం చేయాలి

ఈ మధ్య దాదాపు రోజూ ఎవరో ఒకరు ఇదే అడుగుతున్నారు. "అన్నా, ఏడీ8232 మాడ్యూల్ కొన్నాను, వైర్లన్నీ వీడియోలో చూపించినట్టే పెట్టాను, గ్రాఫ్ మాత్రం మొత్తం గడ్డి మొలిచినట్టు వస్తోంది, మాడ్యూల్ పోయిందా?" అని ఒకరు, "గీత బానే ఉంది కానీ హార్ట్ రేట్ 150 చూపిస్తోంది, నాకేమన్నా ప్రాబ్లమా?" అని భయంభయంగా ఇంకొకరు. ఏడీ8232 అంటే ఒంటి మీద నుంచి గుండె సిగ్నల్‌ని తీసుకుని పెంచి ఇచ్చే చిన్న బోర్డు. విడివిడిగా జవాబులు ఇచ్చే బదులు మొత్తం ఒకేచోట రాసేస్తున్నా, ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ వాళ్ళైనా, ఊరికే ఇంట్రెస్ట్ కొద్దీ చేసేవాళ్ళైనా ఇదే వరసలో చేసుకుంటూ రండి.

ముందే ఒక మాట. నేను చూసినంతలో మాడ్యూల్ పాడవడం చాలా తక్కువ. తప్పు ఎక్కువగా మూడు చోట్ల ఉంటుంది: చర్మం దగ్గర, చార్జర్ దగ్గర, టైమింగ్ దగ్గర. ఈ మూడూ వదిలేసి పైథాన్‌లో ఫిల్టర్ మీద ఫిల్టర్ వేసుకుంటూ వారాలు పోగొట్టుకుంటారు. పాడైపోయిన సిగ్నల్‌ని ఫిల్టర్ బాగుచేయదు, అందంగా కనిపించేలా చేస్తుంది అంతే, అది ఇంకా డేంజర్.

మొదలుపెట్టే ముందు ఇవి తప్పకుండా పాటించండి

ఇది డాక్టర్ ఈసీజీ కాదు. ఆస్పత్రిలో తీసేది 12 లీడ్లు, అంటే గుండెని 12 కోణాల నుంచి చూడటం, ఇది ఒక్క లీడ్. పైగా ఈ బోర్డు 0.5 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేస్తుంది, గుండెపోటు చూడటానికి డాక్టర్లు చూసే ఎస్‌టీ భాగం దానివల్లే వంకర తిరిగిపోతుంది. కాబట్టి దీంట్లో గీత కిందకి దిగిందనో పైకి లేచిందనో చూసి ఎవరికీ ఏమీ చెప్పొద్దు. ఎవరికైనా ఛాతీలో నొప్పి, చెమటలు, ఆయాసం ఉంటే ఈ మాడ్యూల్ పెట్టి చూస్తూ కూర్చోకండి, 108 కి ఫోన్ చేయండి. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళకి, ఒంటి మీద పుండ్లు, దద్దుర్లు ఉన్నవాళ్ళకి పెట్టొద్దు.

రెండోది, ఎలక్ట్రోడ్లు ఒంటి మీద ఉన్నంతసేపు లాప్‌టాప్‌కి చార్జర్ ఉండకూడదు. టీవీకో మానిటర్‌కో పోయే కేబుల్, ఇంటర్నెట్ కేబుల్ కూడా పీకేయండి. డెస్క్‌టాప్ కంప్యూటర్ అయితే అసలు వద్దు, అది ఎప్పుడూ మెయిన్స్ మీదే ఉంటుంది. లాప్‌టాప్ బ్యాటరీ పోయిందా, ఫోన్‌కి ఓటీజీ కేబుల్ పెట్టి సీరియల్ టెర్మినల్ యాప్‌లో రికార్డ్ చేసుకోండి, ఆ ఫోన్ కూడా చార్జింగ్‌లో ఉండకూడదు.

కావాల్సినవి

- ఏడీ8232 బోర్డు, దాంతోపాటు వచ్చే మూడు తలల కేబుల్. హైదరాబాద్‌లో ఉంటే కోఠీ గుజరాతీ గల్లీలో దొరుకుతుంది, లేకపోతే ఆన్‌లైన్.
- ఈఎస్‌పీ32 గానీ ఆర్డుయినో ఊనో గానీ, సిగ్నల్‌ని చదివి లాప్‌టాప్‌కి పంపే కంట్రోలర్ బోర్డు ఇదే. రెండూ ఉంటే ఈఎస్‌పీ32 వాడండి.
- జెల్ ఉన్న డిస్పోజబుల్ ఈసీజీ ఎలక్ట్రోడ్లు, ఒక ప్యాకెట్. సర్జికల్ షాపులో అడగండి. ప్యాకెట్ మీద ఎక్స్‌పైరీ డేట్ చూసే కొనండి, జెల్ ఎండిపోయిన ఎలక్ట్రోడ్ కంటే లేకపోవడమే నయం.
- స్పిరిట్, దూది, మెత్తటి పొడిగుడ్డ, ఒక షేవింగ్ రేజర్.
- మల్టీమీటర్. చిన్నదైనా చాలు.
- లాప్‌టాప్‌లో పైథాన్, దాని లైబ్రరీలు నంపై, సైపై, మ్యాట్‌ప్లాట్‌లిబ్.
- సెకన్ల ముల్లు ఉన్న గడియారం లేదా ఫోన్‌లో స్టాప్‌వాచ్. దీని అవసరం చివర్లో తెలుస్తుంది.

1. ముందు చర్మం

అందరూ దాటేసే స్టెప్ ఇదే. మనవాళ్ళు స్నానం చేయగానే పౌడర్ రాసుకుంటారు, చలికాలం అయితే ఒంటికి కొబ్బరి నూనె. ఈ రెండిట్లో ఏది ఉన్నా ఎలక్ట్రోడ్ సరిగ్గా అంటదు, అంటినట్టు కనిపించినా కింద కాంటాక్ట్ ఉండదు. స్పిరిట్ దూదితో తుడవండి, పూర్తిగా ఆరనివ్వండి, ఆ తర్వాత పొడిగుడ్డతో నాలుగైదు సార్లు కొంచెం గట్టిగా రుద్దండి, చర్మం లేత ఎరుపు రంగుకి తిరిగితే చాలు, గీరుకుపోయేలా రుద్దకండి. పైన ఉండే చచ్చిపోయిన చర్మం పొర పోతే సిగ్నల్‌లో తేడా కళ్ళకి కనిపిస్తుంది. ఛాతీ మీద వెంట్రుకలు ఉంటే ఆ రూపాయి బిళ్ళంత మేర షేవ్ చేయండి.

అంటించాక వెంటనే రికార్డ్ చేయకండి, రెండు మూడు నిమిషాలు ఆగండి, జెల్ చర్మంలోకి కొంచెం దిగితే గీత ఊగడం తగ్గుతుంది. ఒకసారి పీకిన ఎలక్ట్రోడ్ మళ్ళీ వాడొద్దు. మిగిలినవి కవర్ మడతపెట్టి గట్టిగా మూసేయండి, ఓపెన్‌గా వదిలేస్తే ఎండలకి వారంలోనే ఎండిపోతాయి.

2. ఎక్కడ అంటించాలి

బోర్డు మీద ఆర్ఏ, ఎల్ఏ, ఆర్ఎల్ అని ఉంటాయి: కుడి చెయ్యి, ఎడమ చెయ్యి, కుడి కాలు. చేతులకి, కాలికి పెట్టినా వస్తుంది, ఈసీజీకి ఆద్యుడైన ఐంథోవెన్ కాలంలో అయితే ఉప్పునీళ్ళ తొట్టెల్లో చేతులు, కాలు ముంచి తీసేవాళ్ళు, ఈసీజీ మీద చేసిన పనికే ఆయనకి 1924 లో నోబెల్ వచ్చింది. కానీ చేతుల మీద పెడితే కండరాల కదలిక బాగా ఎక్కుతుంది. ఛాతీ బెటర్:

- ఆర్ఏ: కుడివైపు కాలర్ బోన్‌కి కాస్త కింద.
- ఎల్ఏ: ఎడమవైపు అదే చోట.
- ఆర్ఎల్: కుడివైపు పక్కటెముకలు అయిపోయే చోట.

ఆడవాళ్ళకి ఛాతీ మీద ఇబ్బందిగా ఉంటే భుజాల ముందువైపు, కుడి తుంటి ఎముక మీద పెట్టినా బానే వస్తుంది. ఎముక దగ్గరగా ఉన్న చోటు చూస్కోండి, కండ మీద వద్దు.

ఇక్కడ పెద్ద గొడవ కేబుల్ రంగులు. ఒక కంపెనీ కేబుల్‌లో ఎరుపు కుడి చెయ్యి, ఇంకో కంపెనీ దాంట్లో అదే ఎరుపు కుడి కాలు. వీడియోలో చూసి రంగుని బట్టి పెట్టేస్తే అయిపోయారు. కేబుల్‌ని బోర్డు జాక్‌లో పెట్టి, మల్టీమీటర్‌ని కంటిన్యుటీలో ఉంచి, ఒక ముల్లు కేబుల్ చివరి బటన్ మీద, ఇంకోటి బోర్డు మీద ఆర్ఏ అని రాసిన రంధ్రం మీద పెట్టండి, బీప్ వస్తే అదే ఆర్ఏ. కొన్ని బోర్డుల్లో మధ్యలో రెసిస్టర్ ఉండి బీప్ రాకపోవచ్చు, అప్పుడు ఓమ్స్‌లో పెట్టి ఏ వైరుకి రీడింగ్ స్థిరంగా వస్తుందో చూడండి. తేలాక ప్రతి వైరుకీ చిన్న కాగితం ముక్క చుట్టి పేరు రాసి టేప్ వేసేయండి. ఆర్ఏ, ఎల్ఏ తారుమారైతే ఆర్ పీక్ (ప్రతి బీట్‌లో ఎత్తుగా లేచే ముల్లు) కిందకి వస్తుంది, అది చూసి కంగారు పడకుండా వైర్లు మార్చండి. ఆర్ఎల్ తప్పు చోట పెడితే మాత్రం గడ్డే.

3. వైర్లు కలపడం

బోర్డుకి 3.3 వోల్టులు మాత్రమే ఇవ్వండి. ఏడీ8232 చిప్ 2 నుంచి 3.5 వోల్టుల దాకా పనిచేస్తుంది, ఊనోలో పక్కపక్కనే ఉన్న 5 వోల్టుల పిన్‌కి పొరపాటున పెట్టి చిప్ కాల్చేసుకున్నవాళ్ళు ఉన్నారు.

గ్రౌండ్ గ్రౌండ్‌కి. అవుట్‌పుట్ పిన్ ఊనోలో ఏ0 కి, ఈఎస్‌పీ32 లో జీపీఐఓ 34 కి. ఈఎస్‌పీ32 లో 32 నుంచి 39 మధ్య ఉన్న పిన్లే వాడండి, మిగతా ఎనలాగ్ పిన్లు వైఫై ఆన్ చేయగానే పనిచేయవు, "వైఫై పెట్టేదాకా బానే ఉంది" అని రాసే ప్రతి ఒక్కరి ప్రాబ్లమూ అదే. ఎల్ఓ ప్లస్, ఎల్ఓ మైనస్ రెండు డిజిటల్ పిన్లకి. ఎలక్ట్రోడ్ ఊడితే వీటిల్లో ఏదో ఒకటి హై అవుతుంది. ఎస్‌డీఎన్ (చిప్‌ని ఆపేసే పిన్) వదిలేయొచ్చు.

బోర్డుకీ కంట్రోలర్‌కీ మధ్య జంపర్ వైర్లు పొట్టిగా ఉండాలి, బెత్తెడు చాలు. బ్రెడ్‌బోర్డు లూజుగా ఉంటే సోల్డర్ చేయండి, ఊపిరి పీల్చినప్పుడల్లా గీత ఎగురుతుంటే చాలాసార్లు కారణం లూజ్ జంపరే.

4. సెకనుకి 250 శాంపిల్స్, ఒక్కటి తగ్గకుండా

కోడ్ నేను ఇవ్వట్లేదు, లాజిక్ చెప్తా, ఇరవై లైన్ల పని, మీరే రాస్తే వైవాలో మీకే ఉపయోగం.

నెట్‌లో దొరికే కోడ్లలో రీడ్ చేసి ప్రింట్ చేసి డిలే 1 అని ఉంటుంది. అలా వద్దు. అందులో సెకనుకి ఎన్ని శాంపిల్స్ (రీడింగులు) వస్తున్నాయో ఎవరికీ తెలియదు, తెలియకపోతే హార్ట్ రేట్ లెక్కే లేదు. ఇలా చేయండి: "తర్వాతి టైమ్" అని ఒక వేరియబుల్ పెట్టుకోండి. లూప్‌లో మైక్రోస్ విలువ (బోర్డు మొదలయ్యాక గడిచిన మైక్రోసెకన్లు) ఆ టైమ్ దాటిందా అని చూడండి, దాటితే ఒకసారి రీడ్ చేసి, తర్వాతి టైమ్‌కి 4000 (సెకనులో 250వ వంతు) కలపండి. "ఇప్పటి టైమ్ ప్లస్ 4000" అని మాత్రం రాయొద్దు, అలా రాస్తే ప్రతిసారీ కొంచెం కొంచెం లేటు పోగవుతుంది. ప్రతి లైన్‌లో టైమ్, కామా, విలువ ప్రింట్ చేయండి. మైక్రోస్ 71 నిమిషాలు దాటాక మళ్ళీ సున్నాకి వస్తుంది, గంటకి మించి రికార్డ్ చేసేవాళ్ళు అది గుర్తుపెట్టుకోండి.

బాడ్ రేట్ (బోర్డు నుంచి లాప్‌టాప్‌కి డేటా వెళ్ళే వేగం) 115200 పెట్టండి. 9600 తో ఏమవుతుందో లెక్క చూడండి: సెకనుకి 960 అక్షరాలే వెళ్తాయి, నాలుగంకెల విలువ ఒక్కటే ప్రింట్ చేసినా లైన్ ఎండింగ్‌తో కలిపి ఆరు అక్షరాలు, అంటే సెకనుకి 160 లైన్లే. మీరు పైథాన్‌లో 250 అని రాసుకుంటారు, అసలు వచ్చేది 160. అప్పుడు 75 ఉన్న హార్ట్ రేట్ 117 అని చూపిస్తుంది. గీత అందంగానే ఉంటుంది, పీకులు కరెక్ట్‌గానే దొరుకుతాయి, అంకె మాత్రం తప్పు.

ఎలక్ట్రోడ్ ఊడినప్పుడు ఆశ్చర్యార్థకం గుర్తు ప్రింట్ చేసే కోడ్ చాలా చోట్ల ఉంది, అది ఫైల్‌లో పడితే పైథాన్ చదవలేక ఆగిపోతుంది. దాని బదులు మైనస్ 1 ప్రింట్ చేయండి, తర్వాత ఆ భాగం తీసేయడం ఈజీ.

5. రికార్డింగ్

చార్జర్ పీకండి. మళ్ళీ చెప్తున్నా ఎందుకంటే సేఫ్టీకే కాదు, గడ్డికి కూడా ముఖ్య కారణం అదే. మా ఇంట్లో ఫ్రిజ్ పక్కనున్న డైనింగ్ టేబుల్ మీద పెట్టి చూస్తే గీత వేలెడు మందం వచ్చేది, చార్జర్ పీకి హాల్లో మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ వేసి కూర్చోబెడితే అదే మాడ్యూల్, అదే కోడ్, పీ (ముందొచ్చే చిన్న అల), క్యూఆర్ఎస్ (ఆర్ ఉండే ముల్లు), టీ (దాని వెనకొచ్చే అల) మూడూ విడివిడిగా కనిపించాయి. మూడు కేబుళ్ళూ జడలాగా కలిపి అల్లేయండి, వేలాడుతుంటే కరెంట్ నాయిస్ ఎక్కువ పట్టుకుంటాయి. ఫ్యాన్ గాలికి వైర్లు ఊగకుండా ఒక చోట చొక్కాకి టేప్ వేయండి.

కూర్చున్నవాళ్ళు వెనక్కి ఆని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, భుజాలు వదులుగా ఉంచాలి. మాట్లాడకూడదు, నవ్వకూడదు, ఫోన్ స్క్రోల్ చేయకూడదు. పళ్ళు బిగించినా సన్నటి ముళ్ళలాగా కండరాల సిగ్నల్ వస్తుంది. కావాలంటే పిడికిలి బిగించి వదిలి చూడండి, గీత ఎలా మారుతుందో ఒకసారి కళ్ళతో చూస్తే జన్మలో మర్చిపోరు.

ఆర్డుయినో సీరియల్ ప్లాటర్‌ని నమ్మొద్దు. స్కేల్ దానంతట అదే మార్చుకుంటుంది కాబట్టి చిన్న నాయిస్ కూడా కొండలాగా కనిపిస్తుంది, కొత్త వెర్షన్‌లో అయితే చాలా కొద్ది పాయింట్లే చూపిస్తుంది, మనం పంపే స్పీడ్‌కి ఒక బీట్ కూడా పూర్తిగా కనపడదు. పైథాన్‌తో ఫైల్‌లోకి తీసుకుని ప్లాట్ చేయండి. "పోర్ట్ ఓపెన్ అవ్వట్లేదు" అని వస్తే సీరియల్ మానిటర్ ఇంకా తెరిచే ఉందన్నమాట, మూసేయండి.

పవర్ బ్యాంక్ మీద ఈఎస్‌పీ32 పెట్టి బ్లూటూత్‌లో పంపితే ఇంకా మంచిది, అసలు వైరే ఉండదు. కొన్ని పవర్ బ్యాంకులు లోడ్ తక్కువగా ఉందని అర నిమిషంలో వాటంతట అవే ఆగిపోతాయి, రికార్డింగ్ మధ్యలో తెగిపోతుంటే అది అనుమానించండి.

6. ఫైల్ చెక్ చేయకుండా ముందుకెళ్ళొద్దు

ఒక నిమిషం రికార్డ్ చేస్తే 15,000 లైన్లు ఉండాలి. లెక్కపెట్టండి. తర్వాత పక్కపక్క టైమ్‌ల తేడా తీసి చూడండి, అన్నీ 4000 చుట్టూ ఉండాలి. మధ్యలో ఎక్కడో 40,000 వస్తే అక్కడ శాంపిల్స్ పోయాయి, ఆ రికార్డ్ పారేసి మళ్ళీ తీయండి, అతుకులు వేయకండి.

విలువలు కూడా చూడండి. బేస్‌లైన్ సగం వోల్టేజ్ దగ్గర, అంటే 1.65 వోల్టుల చుట్టుపక్కల ఉండాలి. ఒంటి మీద ఆర్ పీక్ ఒక మిల్లీవోల్ట్ అనుకుంటే బోర్డు దాన్ని 1100 రెట్లు పెంచుతుంది, అంటే వోల్ట్ పైచిలుకు. గీత పైకెళ్ళి నెత్తి కోసినట్టు ఫ్లాట్‌గా ఉంటే పీక్ తెగిపోతోంది, ఎలక్ట్రోడ్లు ఒకదానికొకటి కొంచెం దగ్గరికి జరపండి. ఈఎస్‌పీ32 లో అయితే పైన చివర, కింద చివర రీడింగ్ సరిగ్గా ఉండదు, అందుకే మధ్యలో ఉండేలా చూస్కోవాలి.

7. ఫిల్టర్: రెండు కాపీలు చేసుకోండి

ఒకటి చూడటానికి, ఒకటి లెక్కపెట్టడానికి. రెండూ ఒకే ఫిల్టర్‌తో చేయబోతేనే తప్పులు.

చూడటానికి: 0.5 నుంచి 40 హెర్ట్జ్ బ్యాండ్‌పాస్ (ఆ మధ్య ఉన్నదే ఉంచేది), దాంతోపాటు 50 హెర్ట్జ్ నాచ్ (ఆ ఒక్క చోటే కోసేది), క్యూ (కోత ఎంత సన్నగా ఉండాలో) 30. మన దగ్గర కరెంట్ 50 హెర్ట్జ్. నెట్‌లో చూసే ట్యుటోరియల్స్‌లో చాలావరకు అమెరికా వాళ్ళవి, అక్కడ 60, ఆ కోడ్ అలాగే పెడితే నాచ్ ఉన్నా లేనట్టే. అక్కడ చదువుతూ ఇది చదివేవాళ్ళు 60 పెట్టుకోండి.

లెక్కపెట్టడానికి: 5 నుంచి 15 హెర్ట్జ్ బ్యాండ్‌పాస్. దీంట్లో పీ, టీ తరంగాలు బాగా కుంగిపోయి ఆర్ మాత్రం నిలబడుతుంది. 1985 లో పాన్, టాంప్కిన్స్ ఇద్దరూ రాసిన పద్ధతి మొదలయ్యేది ఇక్కడే, ఇప్పటికీ చాలామంది వాడేది అదే.

రెండిట్లోనూ సైపైలో ఉన్న ఫిల్ట్‌ఫిల్ట్ వాడండి, ముందుకీ వెనక్కీ రెండుసార్లు వెళ్తుంది కాబట్టి పీక్ పక్కకి జరగదు. ఫిల్టర్ వేశాక మొదటి రెండు సెకన్లు, చివరి రెండు సెకన్లు కోసేయండి, అంచుల్లో దొంగ పీకులు వస్తాయి.

8. ఆర్ పీకులు పట్టుకోవడం

5–15 కాపీ తీసుకుని, పక్కపక్క శాంపిల్స్ తేడా తీసి, స్క్వేర్ చేసి, 150 మిల్లీసెకన్ల కిటికీతో యావరేజ్ చేయండి. అంటే 250 స్పీడ్‌లో 37 లేదా 38 శాంపిల్స్. ఇప్పుడు ప్రతి బీట్ ఒక గుట్టలాగా కనిపిస్తుంది. సైపైలో ఉన్న ఫైండ్ పీక్స్‌తో గుట్టలు పట్టుకోండి, రెండు గుట్టల మధ్య కనీసం 75 శాంపిల్స్ ఉండాలని చెప్పండి, ఎత్తు ఫిక్స్‌డ్ నంబర్ పెట్టకుండా ఆ రికార్డ్‌లో గుట్టల మధ్యస్థ ఎత్తులో సగం పెట్టండి. మనిషి మారితే ఎత్తు మారుతుంది, ఎలక్ట్రోడ్ కొంచెం జరిగినా మారుతుంది, నీకు పనిచేసిన 600 ఇంకొకరికి పనిచేయదు. చివరిగా గుట్ట దగ్గర చుట్టుపక్కల వెతికి అసలు ఆర్ ఎక్కడుందో పట్టుకోండి.

ఇక్కడ నాకు జరిగింది చెప్తా. మొదట్లో ఈ 5–15 గొడవంతా ఎందుకని చూడటానికి చేసుకున్న కాపీ మీదే ఫిక్స్‌డ్ నంబర్ పెట్టి పీకులు వెతికాను. మా నాన్నకి పెట్టి చూస్తే స్క్రీన్ మీద 148 వచ్చింది. ఆయనకి బీపీ ఉంది, మందులు వాడతారు, ఆ అంకె చూడగానే మొహం మారిపోయింది, "ఏంట్రా ఇది" అన్నారు, అమ్మ వంటింట్లోంచి పరిగెత్తుకుంటూ వచ్చింది. మణికట్టు పట్టుకుని చూస్తే 74. సరిగ్గా సగం. అప్పుడు బీట్ల మధ్య గ్యాప్‌లు ప్రింట్ చేసి చూశాను: 0.31, 0.50, 0.31, 0.50, అలా ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. రెండూ కలిపితే 0.81 సెకను, అంటే నిమిషానికి 74. ఆర్ ఒకటి, దాని వెనకే ఉన్న టీ ఒకటి, రెండిటినీ బీట్లుగా లెక్కపెట్టేసింది. ఆయనకి టీ తరంగం ఎత్తుగా ఉంది, నాకు పొట్టిగా ఉంది, నా మీద టెస్ట్ చేసినన్ని రోజులూ తప్పు బయటపడలేదు.

అందుకే రెండు రూల్స్ పెట్టుకున్నాను. ఒకటి, కోడ్ కనీసం ముగ్గురి మీద చూడకుండా కరెక్ట్ అనుకోను. రెండు, చేత్తో నాడి చూసి సరిపోల్చేదాకా స్క్రీన్ వాళ్ళవైపు తిప్పను. అంకె తప్పైతే మనకి అది బగ్, వాళ్ళకి ఆ రాత్రి నిద్ర ఉండదు.

9. రిజల్ట్ కరెక్టో కాదో ఎలా తెలుస్తుంది

హార్ట్ రేట్ లెక్క సింపుల్, 60 ని సెకన్లలో ఉన్న గ్యాప్‌తో భాగించడం. గ్యాప్ 0.8 అయితే 75. సగటు కాకుండా గ్యాప్‌ల మధ్యస్థ విలువ వాడండి, ఒకటి రెండు తప్పుడు బీట్లు ఉన్నా తట్టుకుంటుంది. నమ్మే ముందు ఈ పరీక్షలు పెట్టండి.

మొదటిది చేత్తో. బొటనవేలి కింద మణికట్టు మీద చూపుడువేలు, మధ్యవేలు పెట్టి, రికార్డింగ్ నడుస్తుండగానే 30 సెకన్లు లెక్కపెట్టి రెట్టింపు చేయండి. బొటనవేలితో చూడకండి, దాంట్లో మీ నాడే మీకు తగులుతుంది. రెండు మూడు తేడా పర్లేదు. రెట్టింపు వస్తే టీ తరంగం, సగం వస్తే ఎత్తు పరిమితి ఎక్కువైంది, ఒకటిన్నర రెట్లు లాంటి వింత నిష్పత్తి వస్తే బాడ్ రేట్, శాంపిల్ లెక్క చూడండి.

రెండోది ఊపిరితో. ఐదు సెకన్లు పీల్చి ఐదు సెకన్లు వదులుతూ ఒక నిమిషం కూర్చోండి. పీల్చేటప్పుడు హార్ట్ రేట్ కొంచెం పెరిగి వదిలేటప్పుడు తగ్గాలి, గ్యాప్‌లు ప్లాట్ చేస్తే అలలాగా కనిపిస్తుంది. వయసులో ఉన్నవాళ్ళకి బాగా తెలుస్తుంది, పెద్దవాళ్ళకి తక్కువ. ఆ అల కనిపించిందంటే టైమింగ్ కరెక్ట్‌గా ఉందని గట్టి నమ్మకం పెట్టుకోవచ్చు.

మూడోది, నాకు చాలా ఇష్టమైనది, పక్కా డేటా మీద. ఎంఐటీ బీఐహెచ్ అరిథ్మియా (గుండె లయ తప్పడం) డేటాబేస్ ఫిజియోనెట్ వెబ్‌సైట్‌లో ఫ్రీగా దొరుకుతుంది. 1975 నుంచి 1979 మధ్య తీసిన రికార్డింగులు, 47 మందివి, అరగంటవి 48, ప్రతి బీట్‌కీ డాక్టర్లు గుర్తు పెట్టారు. రికార్డ్ 100 తీసుకుని మీ కోడ్ నడపండి, 2273 బీట్లు రావాలి. గుర్తుల ఫైల్‌లో 2274 ఉంటాయి, మొదటిది బీట్ కాదు, రిథమ్ గుర్తు, దాన్ని చూసి ఒకటి తక్కువైందని జుట్టు పీక్కోకండి. ఇంకో ముఖ్యమైన విషయం, అది సెకనుకి 360 శాంపిల్స్. కోడ్‌లో 250 అలాగే వదిలేస్తే 75 ఉండాల్సింది 52 వస్తుంది, ఫిల్టర్లు కూడా తప్పు చోట కోస్తాయి. 100 బాగా శుభ్రమైన రికార్డ్, అందులో పాసైతే సరిపోదు, 105, 108, 203 కూడా వేసి చూడండి, అక్కడ మీ కోడ్ బలం తేలుతుంది. పాన్, టాంప్కిన్స్ తమ పద్ధతి ఈ డేటాబేస్ మీద 99.3 శాతం బీట్లు కరెక్ట్‌గా పట్టుకుందని చెప్పారు, మీకు 100 శాతం వచ్చిందంటే సంతోషపడే ముందు లెక్క ఇంకోసారి చూడండి.

హెచ్ఆర్‌వీ చేద్దామనుకునేవాళ్ళకి

హెచ్ఆర్‌వీ అంటే బీట్ల మధ్య గ్యాప్ ఎంత మారుతోందో చూసే లెక్క. చాలామంది ఇక్కడికి తొందరగా దూకుతారు, స్ట్రెస్ డిటెక్షన్ అని టైటిల్ పెట్టుకుని. ఆగండి. ఐదు నిమిషాల రికార్డ్ కావాలి, అందులో ఒక్క బీట్ కూడా పోకూడదు. ఎందుకో చూడండి. నిమిషానికి 75 చొప్పున ఐదు నిమిషాలకి 375 బీట్లు, ఆర్ఎంఎస్ఎస్‌డీ (పక్కపక్క గ్యాప్‌ల తేడాలని స్క్వేర్ చేసి, సగటు తీసి, దానికి వర్గమూలం తీస్తే వచ్చే అంకె) అసలు 30 మిల్లీసెకన్లు అనుకుందాం. మధ్యలో ఒక్క బీట్ మిస్ అయితే 800, 800, 800 అని ఉండాల్సిన చోట 800, 1600, 800 వస్తుంది, రెండు తేడాలు 800 చొప్పున. అవి స్క్వేర్ అయ్యేసరికి మొత్తం ఆర్ఎంఎస్ఎస్‌డీ 65 దాటుతుంది. ఒకే ఒక్క బీట్‌తో రెట్టింపు పైన! మీ స్ట్రెస్ మోడల్ నేర్చుకునేది మనిషి స్ట్రెస్ కాదు, మీ ఎలక్ట్రోడ్ ఎంత లూజుగా ఉందో.

కాబట్టి మధ్యస్థ గ్యాప్ కంటే ఒకటిన్నర రెట్లు పెద్దవి, దాంట్లో 0.6 వంతు కంటే చిన్నవి అన్నీ ఎర్ర చుక్కతో ప్లాట్ చేసి ఒక్కోటీ కళ్ళతో చూడండి. కొన్ని కోడ్ తప్పులు, అవి దిద్దండి. కొన్ని నిజంగానే ముందుగా వచ్చిన బీట్లు అయ్యుండొచ్చు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలోనూ అప్పుడప్పుడు వస్తాయి, వాటిని లెక్కలోంచి తీసేయండి, ఎన్ని తీశారో రిపోర్ట్‌లో రాయండి. తరచూ కనిపిస్తుంటే, ఆ మనిషికి గుండె దడ, కళ్ళు తిరగడం లాంటివి ఉంటే ఆస్పత్రిలో సరైన ఈసీజీ తీయించుకోమని నెమ్మదిగా చెప్పండి, అంతకంటే ఎక్కువ చెప్పొద్దు.

ఎలక్ట్రోడ్లు వద్దనుకుంటే

మ్యాక్స్30102 సెన్సార్ తీసుకోండి, వేలు పెడితే చాలు, ఎర్ర లైట్, ఇన్‌ఫ్రారెడ్ లైట్ వేసి రక్తం కదలిక చూస్తుంది. వాచీల్లో ఉండేది కూడా ఇదే పద్ధతి. హార్ట్ రేట్‌కి బానే ఉంటుంది, కానీ ఇక్కడ తప్పు వేరే: వేలు గట్టిగా నొక్కితే రక్తం ఆగిపోయి సిగ్నల్ చచ్చిపోతుంది, వదులుగా పెడితే బయట వెలుతురు దూరుతుంది. మెత్తటి రబ్బరు బ్యాండ్‌తో వేలిని దాని మీద ఆనించి, పైన నల్లగుడ్డ కప్పండి. చేతులు చల్లగా ఉంటే రుద్ది వెచ్చబెట్టుకుని మొదలుపెట్టండి. అందులో ఆక్సిజన్ శాతం కూడా వస్తుంది గానీ ఆ అంకెని చూసి ఎవరి ఆరోగ్యం గురించీ నిర్ణయాలు తీసుకోవద్దు, చర్మం రంగు, గోరింటాకు, నెయిల్ పాలిష్, అన్నీ తేడా చేస్తాయి.

అయిపోయాక

ఎలక్ట్రోడ్లని ఒక్కసారిగా లాగకండి, పెద్దవాళ్ళకి చర్మం పల్చగా ఉంటుంది, లేస్తుంది. చుట్టూ నీళ్ళతో తడిపి, ఒక చేత్తో చర్మం నొక్కి పట్టుకుని, అంచు నుంచి మెల్లగా తీయండి. ఎర్రగా ఉంటే కొబ్బరి నూనె రాయండి, ఇప్పుడు రాసినా ఏం కాదు. ఫైల్ పేరులో మనిషి పేరు పెట్టకండి, ఒక నంబర్, తేదీ, కూర్చున్నారా పడుకున్నారా, చేత్తో చూసిన నాడి ఎంత, ఈ నాలుగూ రాసుకోండి. ఆరు నెలల తర్వాత ఫైల్ తెరిచినప్పుడు మిగతావన్నీ గ్రాఫ్ నుంచి తెలుస్తాయి, ఈ నాలుగూ మాత్రం ఆ రోజు రాసుకుంటేనే ఉంటాయి.